నీటి అడుగున కంపించే గొట్టాలు: పాసివ్ డ్యాంపింగ్ చర్చ ఎక్కడిదాకా వచ్చింది?

జలాంతర్గామి, టార్పెడో, సముద్రంలో పాతిన పవన విద్యుత్ స్తంభం. పనులు వేరైనా ఆకారంలో ఇవన్నీ ఒక్క కుటుంబమే: గుండ్రటి లోహపు గొట్టం, దాని చుట్టూ నీరు. లోపల పంపు తిరిగినా, పైనుంచి సుత్తి పడినా గొట్టం కంపిస్తుంది. నీరు ఆ కంపనాన్ని చప్పుడుగా అందుకుని కిలోమీటర్ల దూరం మోసుకుపోతుంది. జలాంతర్గామికి ఆ చప్పుడు ప్రాణాంతకం. టార్పెడోకైతే తన సోనార్ వినాల్సిన ప్రతిధ్వనిని తన రొదే మింగేస్తుంది. తిమింగలాలకు, డాల్ఫిన్లకు అది బతుకు మీద దాడి.

ఈ చప్పుడును అణచడానికి ఉన్న మార్గాల్లో పాతదీ నమ్మకమైనదీ పాసివ్ డ్యాంపింగ్. బయటి నుంచి కరెంటు గానీ కంట్రోలర్ గానీ అవసరం లేకుండా, అమర్చిన పదార్థమే కంపన శక్తిని వేడిగా మార్చేస్తుంది. మోగుతున్న గంటను అరచేత్తో పట్టుకుంటే నాదం ఆగిపోవడంలో ఉన్న సూత్రం ఇదే. సూత్రంలో వివాదం లేదు. ప్రయోగశాలలో కంపనాన్ని 20 డెసిబెల్ తగ్గించిన పూత, సముద్రంలో చప్పుడును 3 డెసిబెల్ కూడా తగ్గించకపోవడం ఎందుకన్న దగ్గరే అభిప్రాయాలు చీలిపోయాయి. పదార్థ శాస్త్రజ్ఞులు ఒక మాట, నౌకా ధ్వని నిపుణులు ఇంకో మాట, కొత్త నిర్మాణాలను ప్రతిపాదించేవారు మరో మాట చెబుతున్నారు. ఈ వాదాలను పక్కపక్కన పెట్టి, తేలినవేవో తేలనివేవో చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

నీరు చేరితే లెక్క మారుతుంది

ఘనపు మీటరు గాలి 1.2 కిలోలు తూగితే, నీరు 1000 కిలోలు తూగుతుంది. గాలిలో ధ్వని సెకనుకు 340 మీటర్లు వెళితే, నీటిలో సుమారు 1500 మీటర్లు వెళుతుంది. సాంద్రతను వేగంతో గుణిస్తే వచ్చే ధ్వని నిరోధం నీటిలో గాలి కంటే 3,600 రెట్లు ఎక్కువ. గాలిలో కంపించే రేకుకు చుట్టూ ఉన్న గాలి పెద్ద బరువు కాదు. నీటిలో కంపించే రేకు మాత్రం తనతోపాటు నీటిని కూడా ఊపాలి.

ఒక లెక్క చూద్దాం. 3 మీటర్ల వ్యాసార్ధం, 25 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు గొట్టం తీసుకుంటే, చదరపు మీటరు రేకు 196 కిలోలు ఉంటుంది. అడ్డుకోతలో మూడు ఉబ్బులు, మూడు పల్లాలు ఏర్పడేలా ఈ గొట్టం కంపిస్తే, చదరపు మీటరుకు దాదాపు 1000 కిలోల నీరు దానితోపాటు ఊగుతుంది. అంటే ఊగే బరువు ఆరు రెట్లవుతుంది. పక్కటెముకల్లాంటి రింగులను, లోపలి సామగ్రిని పక్కన పెట్టి రేకును, నీటిని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే, ఆ కంపనపు సహజ ఫ్రీక్వెన్సీ గాలిలో ఉన్నదానిలో 40 శాతానికి పడిపోతుంది. గాలిలో ట్యూన్ చేసిన పరికరం నీటిలో గురి తప్పడానికి ఇదొక్కటి చాలు.

రెండో మార్పు ఇంకా ముఖ్యమైనది. నీటిలోకి ధ్వనిగా వెళ్లిపోయే శక్తి కూడా గొట్టానికి నష్టమే. అంటే డ్యాంపింగ్ పదార్థం వేయకముందే నీరు కొన్ని కంపనాలను గట్టిగా అణచుతూ ఉంటుంది. అయితే ఆ అణచివేత జరిగేది చప్పుడు రూపంలోనే. మనం వద్దనుకునే ఫలితం కూడా అదే.

మూడోది ఆకారానికి సంబంధించినది. లోహంలో సాగుడు తరంగం పొడవు గొట్టం చుట్టుకొలతకు సమానమయ్యే చోటును రింగ్ ఫ్రీక్వెన్సీ అంటారు. 3 మీటర్ల వ్యాసార్ధం ఉన్న ఉక్కు గొట్టానికి అది దాదాపు 285 హెర్ట్జ్. 533 మిల్లీమీటర్ల వ్యాసమున్న టార్పెడో గొట్టానికి, ఉక్కైనా అల్యూమినియమైనా, సుమారు 3.2 కిలోహెర్ట్జ్. ఈ హద్దుకు కింద గొట్టం వంపే దానికి బిగువునిస్తుంది. అక్కడ చాలా కంపనాల శక్తి రేకు వంగడంలో కాక సాగడంలో నిలవ ఉంటుంది. డ్యాంపింగ్ పొరలు ప్రధానంగా వంగుడు మీద పనిచేస్తాయి. చదును పలక మీద అద్భుతంగా పనిచేసిన పొర గొట్టం మీద నీరసపడటానికి ఇదో కారణం.

చర్చ నడిచిన దారి

అనునాదాన్ని, అంటే సహజ ఫ్రీక్వెన్సీ దగ్గర కంపనం ఎగసిపడటాన్ని, ఇంకో బరువుతో అణచవచ్చని జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫ్రామ్ చూపాడు. ఆయన వైబ్రేషన్ అబ్జార్బర్‌కు 1911లో అమెరికా పేటెంటు వచ్చింది. 1928లో ఆర్మండ్రాయిడ్, డెన్ హార్టాగ్ దానికి డ్యాంపింగ్‌ను జోడించి సిద్ధాంతం నిర్మించారు.

రబ్బరు సముద్రంలోకి దిగింది రెండో ప్రపంచ యుద్ధంలో. జర్మనీ 1940లో ఒక జలాంతర్గామి మీద ‘ఆల్బెరిచ్’ పూతను పరీక్షించింది. 4 మిల్లీమీటర్ల మందం, లోపల గాలి రంధ్రాలు ఉన్న కృత్రిమ రబ్బరు అది. తర్వాత యూ-480 జలాంతర్గామి పూర్తి పూతతో యుద్ధంలోకి వెళ్లింది. శత్రు సోనార్ వాడే 10 నుంచి 18 కిలోహెర్ట్జ్ మధ్య ప్రతిధ్వనిని తగ్గించడమే దాని పని. హల్ (నౌక బయటి గొట్టం) కంపనాన్ని తగ్గించడం దాని లక్ష్యం కాదు. లోతు పెరిగి రంధ్రాలు నొక్కుకుపోతే పూత గుణం మారిపోయేది. ఆనాటి ఆ చిక్కు నేటికీ పూర్తిగా వీడలేదు.

పొరల సిద్ధాంతం 1950లలో గట్టిపడింది. రేకు మీద నేరుగా అంటించే పొర లెక్కను ఒబెర్స్ట్ 1952లో ఇచ్చాడు. మెత్తటి పొరను రెండు గట్టి రేకుల మధ్య బంధిస్తే, వంగినప్పుడల్లా అది కోతకు గురై ఎక్కువ శక్తిని హరిస్తుందని కెర్విన్ 1959లో చూపాడు. ఇదే కన్‌స్ట్రెయిన్డ్ లేయర్ డ్యాంపింగ్. మరోవైపు నీటిలోని గొట్టాల ధ్వని మీద యుంగర్ పరిశోధన సాగింది. 1972లో ఫైట్‌తో కలిసి ఆయన రాసిన పుస్తకం నేటికీ ఈ రంగానికి పునాది గ్రంథం.

యంత్రాలను హల్‌కు నేరుగా బిగించకుండా పెద్ద చట్రం మీద పెట్టి, ఆ చట్రాన్ని రబ్బరు మౌంట్ల మీద నిలిపే ‘రాఫ్ట్’ పద్ధతి 1960లలో అమెరికా థ్రెషర్ తరగతి జలాంతర్గాములతో స్థిరపడింది. ప్రొపెల్లర్ నుంచి షాఫ్ట్ గుండా వచ్చే అక్షీయ కంపనానికి ‘రెసొనెన్స్ చేంజర్’ అనే హైడ్రాలిక్ పరికరాన్ని గుడ్విన్ 1960లో వివరించాడు. సోవియట్ జలాంతర్గాముల మీద 1970ల నుంచి, బ్రిటిష్ వాటి మీద 1980ల నుంచి రబ్బరు పలకలు మామూలయ్యాయి.

ఈ చరిత్రకు మన తీరంతోనూ సంబంధముంది. టార్పెడోలు, నీటి అడుగు ఆయుధాల పరిశోధనకు విశాఖపట్నంలో 1969లో నావల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లేబొరేటరీ ఏర్పడింది. అది రూపొందించిన బరువైన టార్పెడో వరుణాస్త్ర 2016లో నౌకాదళానికి అందింది. అణు జలాంతర్గామి అరిహంత్ 2009లో జలప్రవేశం చేసిందీ విశాఖలోనే. బీచ్ రోడ్డులో మ్యూజియంగా నిలిచిన కురుసుర జలాంతర్గామిలోకి వెళ్లి చూసినవారికి, ఇంజన్లకూ హల్‌కూ మధ్య ఎడం ఎంత తక్కువో తెలిసే ఉంటుంది. అంత ఇరుకులోనే కంపనాన్ని ఆపాలి.

నాలుగు వాదాలు

*మొదటిది: పొరతో అణచాలి.* మామూలు ఉక్కు లాస్ ఫ్యాక్టర్ (కంపన శక్తిలో నష్టమయ్యే వాటాను చెప్పే అంకె) చాలా తక్కువ, వెయ్యో వంతు లేదా అంతకన్నా తక్కువ. మంచి విస్కోఎలాస్టిక్ (రబ్బరులా సాగుతూ శక్తిని హరించే) పదార్థానికి అది 1 దాకా ఉంటుంది. బంధించిన పొరతో కలిపి రేకు లాస్ ఫ్యాక్టర్‌ను 0.1 దాకా తేవచ్చు. అనునాదం ఉన్న ప్రతి ఫ్రీక్వెన్సీలోనూ ఈ పొర కొంత పనిచేస్తుంది, ప్రత్యేకంగా ట్యూన్ చేయనక్కర్లేదు. ఈ వాదపు బలం ఇదే. అనునాదం లేనిచోట డ్యాంపింగ్ పెంచినా ఫలితం ఉండకపోవడం దీని బలహీనత.

*రెండోది: దారి తెంచాలి.* కంపనాన్ని హల్ దాకా రానివ్వడమే తప్పని ఈ వాదం. యంత్రం కింద మౌంట్లు, పైపులకు మెత్తటి జోడింపులు, హల్ బయట డీకప్లింగ్ పూత దీని సాధనాలు. డీకప్లింగ్ పూత శక్తిని హరించాల్సిన పని లేదు. హల్‌కూ నీటికీ మధ్య మెత్తటి పొరగా నిలిచి ఊపును నీటికి చేరనివ్వదు. ఇక్కడో మెలిక ఉంది. నీటితో బంధం తెగిన హల్ మరింత ఎక్కువగా కంపించవచ్చు. బయట చప్పుడు తగ్గి లోపల కంపనం పెరిగితే, హల్ మీద అమర్చిన సెన్సర్లకు అది నష్టం.

*మూడోది: గురిపెట్టి కొట్టాలి.* ఏడు రెక్కల ప్రొపెల్లర్ నిమిషానికి 120 సార్లు తిరిగితే 14 హెర్ట్జ్ దగ్గర బలమైన తోపుడు పుడుతుంది. నీటిలో ఆ ధ్వని తరంగం పొడవు 107 మీటర్లు. ఐదు, పది సెంటీమీటర్ల రబ్బరు దాన్ని ఏమీ చేయలేదు. ఇక్కడ ట్యూన్ చేసిన అబ్జార్బర్, థ్రస్ట్ బేరింగ్ దగ్గర రెసొనెన్స్ చేంజర్ పనికొస్తాయి. రెసొనెన్స్ చేంజర్ లోపల పిస్టన్, సన్నటి గొట్టం, నూనె తొట్టి కలిసి బరువు, స్ప్రింగ్, డ్యాంపర్‌లుగా నడుస్తాయి. ప్రొపెల్లర్ వేగం మారితే గురి తప్పడం దీని ప్రమాదం.

*నాలుగోది: నిర్మాణాన్నే మార్చాలి.* రేకు అంచును క్రమంగా పలచన చేస్తే వంగుడు తరంగం నెమ్మదించి అక్కడే చిక్కుకుంటుందని మిరొనోవ్ 1988లో చూపాడు. ఇప్పుడు దాన్ని అకూస్టిక్ బ్లాక్ హోల్ అంటున్నారు. చిన్న అనునాదకాలను వరసగా పొదిగి కొన్ని ఫ్రీక్వెన్సీలను అసలు దాటనివ్వని పదార్థాన్ని హాంకాంగ్ పరిశోధకులు 2000లో ప్రకటించారు. అక్కడి నుంచి మెటామెటీరియల్స్ మీద పరిశోధన విస్తరించింది. తక్కువ బరువుతో తక్కువ ఫ్రీక్వెన్సీని ఆపగలమన్నది వీరి ఆశ. పలచని అంచు లోతులోని పీడనాన్ని తట్టుకోవాలి కదా అన్నది నౌకా ఇంజనీర్ల ప్రశ్న.

పక్కపక్కన పెట్టి చూస్తే

- బంధించిన పొర: కొన్ని వందల హెర్ట్జ్ నుంచి పైకి, రింగుల మధ్య రేకులు, లోపలి అడ్డుగోడలైన బల్క్‌హెడ్‌లు, యంత్ర పీఠాల మీద బాగా పనిచేస్తుంది. బరువు, ఉష్ణోగ్రత దీని హద్దులు.
- డీకప్లింగ్ పూత: ఎక్కువ ఫ్రీక్వెన్సీల్లో బయటి చప్పుడును తగ్గిస్తుంది. లోతుతోపాటు బలం తగ్గుతుంది. కింది ఫ్రీక్వెన్సీల్లో ప్రయోజనం లేదు, ఒక్కోచోట చప్పుడు పెరగవచ్చు కూడా.
- ప్రతిధ్వనిని పీల్చే పలక: శత్రు సోనార్‌ను మోసం చేయడానికి. సొంత చప్పుడు తగ్గితే అది అదనపు లాభమే తప్ప దాని అసలు పని కాదు.
- ట్యూన్ చేసిన అబ్జార్బర్: కొన్ని పదుల హెర్ట్జ్‌లో, ఒక్కో శిఖరం మీద గట్టిగా పనిచేస్తుంది. పరిధి ఇరుకు.
- కొత్త నిర్మాణాలు: నమూనాల్లో ఆశాజనకం. లోతులో బలం, తయారీ, మరమ్మతు ఇంకా రుజువు కావాలి.

ఈ జాబితా చూస్తే చర్చ ఎందుకు చిక్కుపడిందో అర్థమవుతుంది. నాలుగు వాదాల వారూ ఒకే ఫ్రీక్వెన్సీ గురించి మాట్లాడుకోవడం లేదు. ఒకే రబ్బరు పలకను ఒకరు ప్రతిధ్వని కోసం, ఒకరు డీకప్లింగ్ కోసం, ఇంకొకరు డ్యాంపింగ్ కోసం కొలిచి, ఆ మూడు అంకెలనూ ఒకే పట్టికలో పెడుతున్నారు.

20 డెసిబెల్ ఎటు పోయింది?

అన్ని వాదాలకూ అడ్డంగా నిలిచే ప్రశ్న ఒకటుంది: మనం తగ్గించేది కంపనమా, చప్పుడా? నమూనా అంకెలతో చూద్దాం. పూత లేని హల్ సొంత లాస్ ఫ్యాక్టర్ 0.005 అనుకుందాం. పూత దాన్ని పది రెట్లు, అంటే 0.05 చేసింది. గాలిలో, ధ్వని నష్టం లెక్కకు రానంత తక్కువగా ఉన్నప్పుడు, అనునాద శిఖరం 20 డెసిబెల్ పడిపోతుంది. పూత అమ్మేవారి కరపత్రంలో అచ్చయ్యేది ఈ అంకే.

అదే హల్‌ను నీటిలో దింపుదాం. బాగా ధ్వనించే కంపనం ఒకదాని ధ్వని నష్టం 0.05 అనుకుంటే, పూతకు ముందు మొత్తం నష్టం 0.055, తర్వాత 0.1. ముందు గొట్టంలోకి వచ్చిన శక్తిలో 91 శాతం చప్పుడైతే, ఇప్పుడు 50 శాతం అవుతోంది. చప్పుడులో తగ్గుదల 2.6 డెసిబెల్ మాత్రమే. కంపన శిఖరం కూడా 5 డెసిబెల్ దగ్గరే ఆగిపోతుంది. పూతలో లోపం లేదు, కొలతలోనూ లోపం లేదు. నీరు ముందే ఆ కంపనాన్ని అణచేసింది కాబట్టి పూతకు మిగిలిన పని తక్కువ.

ఇప్పుడు బలహీనంగా ధ్వనించే కంపనాన్ని తీసుకుందాం. దాని ధ్వని నష్టం 0.0005. పూతకు ముందు శక్తిలో 9 శాతం చప్పుడవుతుంటే, తర్వాత 1 శాతమే అవుతుంది. తగ్గుదల దాదాపు 10 డెసిబెల్. గొట్టంలో ఇలాంటి కంపనాలే ఎక్కువ. 25 మిల్లీమీటర్ల రేకులో వంగుడు తరంగం నీటిలోని ధ్వని వేగాన్ని అందుకోవడానికి 9 కిలోహెర్ట్జ్ దాటాలి. ఆలోపు అది నేరుగా ధ్వనించలేదు. రింగులు, బల్క్‌హెడ్‌లు, యంత్ర పీఠాలు తగిలినచోటే నీటిలోకి చప్పుడు వదులుతుంది. ఆ చోట్లను చేరకముందే తరంగాన్ని హరించే పొర పూర్తిగా పనికొస్తుంది.

నా దృష్టిలో ఈ చర్చలో అన్నిటికంటే గట్టిగా తేలిన విషయం ఇది. పొర ఎంత మంచిదన్న ప్రశ్న ఒక్కటే విడిగా నిలవదు. బలంగా ధ్వనించే కంపనాలకు దారి తెంచడమో, గురిపెట్టి కొట్టడమో మందు. బలహీనంగా ధ్వనిస్తూ ఎక్కువ సంఖ్యలో ఉండే కంపనాలకు పొర మందు. ఈ తేడా చూడకుండా హల్ మొత్తానికి పూత పూయడం బరువును, డబ్బును వృథా చేయడమే.

సుత్తి దెబ్బకు వేరే లెక్క

పవన విద్యుత్ స్తంభాల అనుభవం, పొర అన్నిచోట్లా పనికిరాదన్న ఈ మాటను ఇంకో వైపు నుంచి రుజువు చేస్తుంది. 8, 10 మీటర్ల వ్యాసమున్న ఉక్కు పైల్‌ను సుత్తితో కొట్టి పాతేటప్పుడు, ప్రతి దెబ్బకూ ఒక ఉబ్బు ఉక్కులో సెకనుకు దాదాపు 5000 మీటర్ల వేగంతో కిందికి పరుగెడుతుంది. అది నీటిలోని ధ్వని కన్నా మూడు రెట్లు పైగా వేగం కనుక, చప్పుడు శంకువులా, సుమారు 17 డిగ్రీల వాలుతో వెలువడుతుందని రైన్‌హాల్, డాల్ 2011లో చూపారు. ఇక్కడ నిలిచి మోగే అనునాదం లేదు. ఒక్క పరుగులో చప్పుడంతా నీటిలోకి వెళ్లిపోతుంది. పొర శక్తిని హరించాలంటే కంపనం పదేపదే దాని గుండా సాగాలి, ఆ అవకాశమే లేదు. అందుకే పైల్ చుట్టూ గాలి బుడగల తెర, బుడగలు పొదిగిన వలలు వాడుతున్నారు. 750 మీటర్ల దూరంలో ఒక్కో దెబ్బ ధ్వని 160 డెసిబెల్ దాటకూడదన్న నిబంధన జర్మనీలో ఈ పద్ధతులను ముందుకు నడిపింది. సముద్రపు నేల గుండా వెళ్లి మళ్లీ పైకి వచ్చే ధ్వనిని మాత్రం బుడగల తెర ఆపలేదు. గుజరాత్, తమిళనాడు తీరాల్లో పవన విద్యుత్ ప్రణాళికలు వేస్తున్న మనకు ఈ అనుభవం ముందే తెలిసి ఉండటం మంచిది.

తేలని ప్రశ్నలు

*ఉష్ణోగ్రత, పీడనం.* బంగాళాఖాతం ఉపరితలం 28, 30 డిగ్రీలు ఉంటే, 300 మీటర్ల లోతులో 10, 12 డిగ్రీలే. విస్కోఎలాస్టిక్ పదార్థం ఎక్కువగా శక్తిని హరించే ఫ్రీక్వెన్సీ ఈ తేడాకే పది రెట్లకు పైగా జరగవచ్చు. అదే లోతులో పీడనం 30 అట్మాస్ఫియర్లు. రంధ్రాలున్న పూతలు నొక్కుకుపోతాయి. రంధ్రాలు లేని పూతలు పీడనాన్ని ఓర్చుకుంటాయి గానీ డీకప్లింగ్ ఇవ్వవు. రెండూ కలిసొచ్చే పదార్థం కోసం వెతుకులాట సాగుతూనే ఉంది.

*బరువు.* 60 మీటర్ల పొడవు, 3 మీటర్ల వ్యాసార్ధమున్న గొట్టం రేకు ఒక్కటే 220 టన్నులు దాటుతుంది. అందులో పది శాతం డ్యాంపింగ్ వేస్తే 22 టన్నులు. జలాంతర్గామిలో ఆ బరువు ఇంకేదో పరికరం నుంచి తగ్గించాలి. ఎక్కడ ఎంత పూత వేయాలో కంప్యూటర్ లెక్కలు చెబుతున్నాయి గానీ, ఒక ఫ్రీక్వెన్సీకి సరైన చోటు ఇంకో ఫ్రీక్వెన్సీకి సరిపోవడం లేదు.

*కొలత.* నీటిలో కొలిచిన లాస్ ఫ్యాక్టర్‌లో పూత హరించినదీ చప్పుడుగా పోయినదీ కలిసిపోతాయి. వాటిని విడదీయడం తేలిక కాదు. పరీక్ష తొట్టిలో గోడల ప్రతిధ్వని వల్ల తక్కువ ఫ్రీక్వెన్సీల కొలత నమ్మదగ్గది కాదు. చిన్న నమూనాలో ఫ్రీక్వెన్సీని పరిమాణానికి తగ్గట్టు పెంచగలం గానీ, రబ్బరు గుణం అదే నిష్పత్తిలో మారదు. కాబట్టి నమూనా ఫలితాన్ని పెద్ద హల్‌కు నేరుగా వర్తింపజేయలేం.

*మన్నిక, భద్రత.* ఉప్పునీటిలో ఏళ్ల తరబడి ఉన్న జిగురు ఊడిపోయి పలకలు రాలిన జలాంతర్గాముల ఫొటోలు చాలా దేశాల నుంచి వచ్చాయి. లోపల వేసే పొర అగ్నిప్రమాదంలో విషపు పొగ వదలకూడదు. పొర కింద వెల్డింగులో పగులు వస్తే పట్టుకోవడం కష్టం. పదేళ్ల తర్వాత పూత ఎంత పనిచేస్తుందన్న ప్రశ్నకు, మొదటి రోజు ఎంత పనిచేసిందన్న ప్రశ్నకు దొరికినన్ని జవాబులు దొరకవు.

ముందుకు వెళ్లాలంటే

వాదాలు ఒకదానికొకటి ఎదురు కావు, ఒకదాని చోటును ఇంకొకటి నింపలేదు కూడా. కొన్ని పదుల హెర్ట్జ్ దగ్గర షాఫ్ట్ దారిలో ట్యూన్ చేసిన పరికరం, యంత్రాల కింద రాఫ్ట్, మధ్య ఫ్రీక్వెన్సీల్లో రింగుల దగ్గర బంధించిన పొర, పైన బయటి పూత. ఈ క్రమం మీద ఇంజనీర్ల మధ్య స్థూలంగా ఏకాభిప్రాయం వస్తోంది. డ్యాంపింగ్‌ను హల్ డిజైనుతోపాటే మొదటి రోజు నుంచి లెక్కవేయాలి. నిర్మాణం అయ్యాక మిగిలిన చోట అంటించే పొర బరువుకు తగ్గ ఫలితం ఇవ్వదు.

ఏ పూత గురించి ఏ ప్రకటన వచ్చినా నాలుగు వివరాలు అడగాలి: కొలిచింది గాలిలోనా, నీటిలోనా? తగ్గింది కంపనమా, దూరానికి వెళ్లే ధ్వని శక్తా? ఏ ఫ్రీక్వెన్సీ పరిధిలో, ఏ ఉష్ణోగ్రత, ఏ లోతు దగ్గర? పూత బరువు రేకు బరువులో ఎంత శాతం? ఈ నాలుగూ లేని డెసిబెల్ అంకెను ఇంకో అంకెతో పోల్చడం కుదరదు. వీటిని ప్రతి ప్రయోగంతోపాటు ప్రచురించడం పరిశోధకులు అలవాటు చేసుకుంటే, కొత్త పదార్థం రాకముందే ఈ చర్చలో సగం చిక్కు విడిపోతుంది. మిగిలిన సగాన్ని పదార్థ శాస్త్రం, కొలత శాస్త్రం కలిసి విప్పాలి.